మీరడిగారు: సీనియర్ ఇచ్చిన సెట్టింగులన్నీ పెట్టుకోవాలా?

కాలేజీలు తెరిచినట్టున్నారు, ఈసారి ఉత్తరాలన్నీ నల్ల తెర గురించే, అంటే కమాండ్లు కొట్టే టెర్మినల్ గురించే. కమాండ్లను నేను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి, హైఫన్, డాట్ అన్నచోట ఆ గుర్తులే కొట్టండి. పోయినసారి ఒకాయన నిజంగానే తెలుగులో కొట్టి, పని చేయలేదని నాతో పోట్లాడాడు.

ప్రశ్న: మేడం, మాది పొదలకూరు దగ్గర పల్లె. నెల్లూరులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న నిమ్మకాయలు అమ్మిన డబ్బులతో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. 4 జీబీ ర్యామ్. వీఎస్ కోడ్ తెరిస్తే బ్రౌజర్ కదలదు, బ్రౌజర్ తెరిస్తే వీఎస్ కోడ్ కదలదు. హాస్టల్లో ఒక సీనియర్ అన్న నియోవిమ్ (టెర్మినల్లో నడిచే విమ్ ఎడిటర్‌కి కొత్త రూపం) వాడతాడు, తన సెట్టింగుల ఫైళ్లన్నీ ఇచ్చాడు. రంగులు బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ ఏ కీ నొక్కితే ఏమవుతుందో తెలీడం లేదు. మూడు వారాలు దీంతోనే పోయాయి. మినీ ప్రాజెక్టు ఇంకా మొదలుపెట్టలేదు, టెన్షన్‌గా ఉంది. నేను అసలు ఏం పెట్టుకోవాలి?

జవాబు: ముందు మిషన్ సంగతి చూద్దాం నాయనా. వీఎస్ కోడ్ చూడ్డానికి ఎడిటరే గానీ దాని కడుపులో ఉండేది క్రోమియం. క్రోమ్ బ్రౌజర్‌కి పునాది కూడా అదే. రెండూ కలిపి తెరిచావంటే ఒకే వంటింట్లో రెండు పెళ్లిళ్లకు వండుతున్నట్టు. 4 జీబీలో ఆ వంట కుదరదు. నీ ల్యాప్‌టాప్‌లో పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, చేతిలో డబ్బులు ఆడినప్పుడు దాన్ని తీయించి ఎస్ఎస్‌డీ వేయించు. నువ్వు ఎన్ని ఎడిటర్లు మార్చినా రాని వేగం ఆ ఒక్క మార్పుతో వస్తుంది.

విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ అనేది 2016 నుంచీ ఉంది. మంచి ఏర్పాటు, 8 జీబీ ఉన్నవాళ్లకు నేను అదే చెప్తాను. అయితే దాని రెండో వెర్షన్ ఒక వర్చువల్ మిషన్‌లో (కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్ అనుకో) లినక్స్ గుండెకాయ లాంటి అసలు కెర్నెల్‌నే నడుపుతుంది, ఉన్న ర్యామ్‌లో వాటా అడుగుతుంది. నీ మిషన్‌లో విండోస్ తినగా మిగిలింది దానికి చాలదు. తేలికపాటి లినక్స్ రకాలైన లుబుంటూ గానీ లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ గానీ నేరుగా వేసుకో. వేసేముందు ఇంట్లోవాళ్ల ఫొటోలూ, నాన్న పొలం కాగితాల స్కాన్లూ ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. డిస్క్ మొత్తం చెరిపేయనా అని మధ్యలో అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నెక్స్ట్, నెక్స్ట్ అంటూ పోవద్దు.

ఎడిటర్‌కి ఈ సెమిస్టర్ వరకూ జీనీ చాలు. తేలిగ్గా తెరుచుకుంటుంది, రంగులిస్తుంది, బ్రాకెట్లు చూపిస్తుంది. తెరలో పైన జీనీ, కింద టెర్మినల్. ప్రోగ్రామ్ రాసేది పైన, నడిపేది కింద. జీనీలోనే ఎఫ్5 నొక్కి నడపొచ్చు గానీ నువ్వు టెర్మినల్లోనే నడుపు. ఎర్రర్ వస్తే మొత్తం చదువు. పైథాన్‌లో అసలు విషయం చివరి లైనులో ఉంటుంది, సీ భాషలో మొదటి ఎర్రర్ దగ్గర ఉంటుంది. ఈ ఒక్కటి తెలియక పిల్లలు ఎన్ని సాయంత్రాలు పోగొట్టుకుంటారో మా ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుంటే కనిపిస్తుంది.

ఇక సీనియర్ ఇచ్చిన ఫైళ్లు. నెల్లూరులో ఉన్నావు కాబట్టి స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూసే ఉంటావు. చదువు కావాల్సినవాళ్లు చదువు రొట్టె తీసుకుంటారు, ఉద్యోగం కావాల్సినవాళ్లు ఉద్యోగం రొట్టె. కోరిక తీరాక మరుసటి ఏడు వచ్చి ఇంకొకరికి ఇస్తారు. చెరువులో దిగాం కదా అని పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె అన్నీ సంచిలో వేసుకుని ఎవరైనా ఇంటికి పోతారా? నువ్వు చేసింది అదే. ఆ అన్నకు ఏవో ఇబ్బందులు వచ్చాయి, ఒక్కోదానికీ ఒక్కో లైను రాసుకున్నాడు. ఆ ఇబ్బందులు నీకింకా రానేలేదు.

ఆ ఫైళ్లు పారేయకు. లినక్స్‌లో నీ హోమ్ ఫోల్డర్లో 'డాట్ కాన్ఫిగ్' అనే ఫోల్డర్ ఉంటుంది. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కనిపించదు, 'ఎల్ఎస్ హైఫన్ ఏ' అంటే కనిపిస్తుంది. అందులో 'ఎన్‌విమ్' అని ఉన్నదాన్ని 'ఎమ్‌వీ' కమాండుతో 'ఎన్‌విమ్ హైఫన్ అన్న' అని పేరు మార్చి పక్కన పెట్టు. నియోవిమ్ మళ్లీ పుట్టినప్పటి రూపంలో తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఒకే ఇబ్బంది ఒకే రోజు మూడుసార్లు ఎదురైతే, అప్పుడు ఆ అన్న ఫైలు తెరిచి దానికి సంబంధించిన లైను వెతికి, ఏం చేస్తుందో అతన్నే అడిగి, ఆ ఒక్కటే తెచ్చుకో. లైను నంబర్లు కనిపించాలి అనేది మొదటి రోజే వస్తుంది చూడు. నేను విమ్ పట్టుకుని ముప్పై ఏళ్లు దాటింది, నా సెట్టింగుల ఫైలు 19 లైన్లు. అందులో రెండు ఎందుకు పెట్టానో నాకే గుర్తు లేదు, తీయాలంటే భయం.

విమ్ మాత్రం నేర్చుకో, తొందర లేకుండా. టెర్మినల్లో 'విమ్‌ట్యూటర్' అని కొడితే పాఠం అందులోనే ఉంది, అరగంట పని. వారంలో రెండుసార్లు చేయి. రేపు ఏదో ఒక సర్వర్‌లోకి దిగాల్సి వస్తుంది. అక్కడ వీఎస్ కోడ్ ఉండకపోవచ్చు గానీ విమ్‌కి మూలమైన వీఐ మాత్రం దాదాపు ఎక్కడైనా ఉంటుంది. 1976లో బిల్ జాయ్ రాసింది అది. కర్సర్ కదపడానికి బాణం కీలు ఉండగా హెచ్, జె, కె, ఎల్ ఎందుకని మీ క్లాసులో అడుగుతుంటారు కదా. ఆయన వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌కి విడిగా బాణం కీలు లేవు, ఆ నాలుగు అక్షరాల మీదే బాణాలు అచ్చేసి ఉండేవి.

ఇంకొకటి, ఎడిటర్ కన్నా ముందు టైపు నేర్చుకో. నేను 1985లో ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పాసయ్యాను, నిమిషానికి 30 మాటలు. కీబోర్డు వైపు చూస్తే మా మాస్టారు చేతుల మీద తువ్వాలు కప్పేవాడు. రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టేవాడికి ప్రపంచంలో ఏ ఎడిటరైనా నెమ్మదే. రోజుకు ఇరవై నిమిషాలు చాలు, రెండు నెలల్లో వస్తుంది.

మినీ ప్రాజెక్టు ఇవాళే మొదలుపెట్టు. లుబుంటూ ఆదివారం వేసుకోవచ్చు.

ప్రశ్న: అమ్మా, నాకు 41 ఏళ్లు, కావలిలో ఉంటాను. పద్నాలుగేళ్లు డీటీపీ చేశాను, పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రికలు, కరపత్రాలు. ఇప్పుడు మా అబ్బాయి పుస్తకాలు చూసి పైథాన్ నేర్చుకుంటున్నాను. టెర్మినల్ అంటే వణుకు. మొన్న ఫైలు సేవ్ చేద్దామని కంట్రోల్ ఎస్ కొట్టాను, తెర బిగుసుకుపోయింది, ఏం నొక్కినా కదల్లేదు. కంప్యూటర్ ఆపేశాను. ఇంకోసారి కాపీ చేద్దామని కంట్రోల్ సి కొడితే నడుస్తున్న ప్రోగ్రామే ఆగిపోయింది. నా వల్ల ఏదైనా పాడైపోతుందా?

జవాబు: ఏమీ పాడవలేదమ్మా. మీ వేళ్లకు పద్నాలుగేళ్ల పేజ్‌మేకర్ అలవాటు ఉంది, టెర్మినల్‌కి దానికన్నా పాత అలవాట్లు ఉన్నాయి. గొడవ ఆ రెండింటికీ.

కంట్రోల్ ఎస్ అంటే టెర్మినల్ భాషలో 'కాస్త ఆగు' అని. యంత్రం పంపే అక్షరాలను టెర్మినల్ అందుకోలేకపోతే ఆపమని చెప్పడానికి పెట్టుకున్న సైగ. మీరు ఆగమన్నారు, అది ఆగింది. 'కానివ్వు' అనడానికి కంట్రోల్ క్యూ. అది కొట్టి ఉంటే మీరు ఈలోపల నొక్కినవన్నీ కూడా బిలబిలా బయటికొచ్చేవి. కంట్రోల్ సి అంటే 'ఇక చాలు, ఆపెయ్'. కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కండి, పేస్ట్‌కి కంట్రోల్, షిఫ్ట్, వి. చాలా లినక్స్ టెర్మినళ్లలో ఇదే పద్ధతి. నిజానికి కంట్రోల్ సి మీకు భయం పోగొట్టాల్సిన కీ. ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతుంటే ప్లగ్ దగ్గరికి పరిగెత్తక్కర్లేదు.

అన్నిటికన్నా భయపడాల్సింది 'ఆర్ఎమ్'. అది తీసేసిన ఫైలు రీసైకిల్ బిన్‌కి పోదు, నేరుగా పోతుంది. దానికి నక్షత్రం గుర్తు తోడైతే ఫోల్డర్లో ఫైళ్లన్నీ పోతాయి. అందుకే ఆర్ఎమ్ కొట్టేముందు అదే గుర్తుతో 'ఎల్ఎస్' కొట్టి చూసుకోండి, ఏవి పోబోతున్నాయో కనిపిస్తాయి. 'ఆర్ఎమ్ హైఫన్ ఐ' అంటే ఒక్కోదానికీ అడిగి మరీ తీస్తుంది. 'సుడో' అనే మాట (కంప్యూటర్ మీద పూర్తి అధికారంతో కమాండు నడిపేది) ముందు తగిలించమని ఎవరైనా చెప్తే, ఎందుకో అర్థమయ్యేదాకా తగిలించకండి. మిగతా చాలావాటితో మీ ఇష్టం వచ్చినట్టు ఆడుకోండి.

అన్నట్టు ట్యాబ్ కీ అలవాటు చేసుకోండి. ఫైలు పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుతుంది, తప్పులు సగం తగ్గుతాయి. నిన్న కొట్టిన పెద్ద కమాండు మళ్లీ కావాలంటే కంట్రోల్ ఆర్ నొక్కి అందులో ఒక ముక్క కొట్టండి, వెతికి తెస్తుంది. డీటీపీ చేసిన చేతులకు షార్ట్‌కట్లు కొత్త కాదు. వారంలో మీ అబ్బాయికి మీరే చెప్తారు.

ప్రశ్న: విమ్‌లోంచి బయటికి రావడం ఎలా? (మార్కాపురం నుంచి, కార్డు మీద ఇదొక్క లైనే)

జవాబు: ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. రాసింది దాచుకుని రావాలంటే కోలన్, డబ్ల్యూ, క్యూ, ఎంటర్. ప్లగ్ పీకి వచ్చారా ఏంది? అయితే ఈసారి తెరిచినప్పుడు స్వాప్ ఫైల్ (విమ్ పక్కన దాచుకునే నకలు) ఉందని హెచ్చరిస్తుంది, రికవర్ అనండి, రాసింది చాలావరకు దొరుకుతుంది.

ప్రశ్న: మాది కొత్తపట్నం. మా రొయ్యల గుంటల మేత లెక్కకు పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. గుంటల పేర్లు తెలుగులో పెట్టాను, మా బాబాయి కూడా చదువుకోవాలని. టెర్మినల్లో పట్టీలా వేస్తే వరసలు వంకరగా వస్తున్నాయి. 'మర్రిచెట్టు గుంట' అని ఉన్నచోట వత్తు పక్కకు పడుతోంది, కర్సర్ ఎక్కడో ఉంటోంది. ఫాంట్లు నాలుగు మార్చాను. ఏం చేయాలి?

జవాబు: తప్పు మీది కాదు, ఫాంటుది కూడా కాదు. టెర్మినల్ దృష్టిలో తెర అంటే గళ్ల నోటుపుస్తకం. గడికి ఒక అక్షరం. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్లో వరసకు 80 గళ్లు, 24 వరసలు. ఆ 80 కూడా దానికి యాభై ఏళ్ల ముందు, 1928 నాటి ఐబీఎమ్ పంచ్ కార్డు కొలత. ఇప్పుడు మన తెర మీద కనిపించే టెర్మినల్ ఆ పాత పెట్టెకు నకలు, గళ్ల లెక్క అలాగే ఉండిపోయింది. ఇంగ్లిష్‌కి ఇబ్బంది లేదు. మన అక్షరం అలా గడిలో కూర్చునే రకం కాదు. కింద వత్తు వేలాడుతుంది, పైన గుడి ఎక్కుతుంది, పక్కన కొమ్ము సాగుతుంది.

'నెల్లూరు' తీసుకోండి. మీకూ నాకూ అది మూడు అక్షరాలు, నె, ల్లూ, రు. కంప్యూటర్ అన్ని భాషల అక్షరాలకూ వాడే యూనికోడ్‌లో ఎనిమిది. న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. పైథాన్‌లో 'లెన్' అని అడగండి, 8 అంటుంది. ఫైలులో ఎంత చోటు పడుతుందంటే, యూనికోడ్‌ని ఫైలులో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే 24. ఇప్పుడు మీ ప్రోగ్రామ్ పేరు తర్వాత ఖాళీలు పెట్టి వరస సరిచేసేటప్పుడు ఎనిమిది అనుకుని పెడుతుంది. టెర్మినల్ ఏమో గుణింతం గుర్తుల్లో కొన్నిటికి గడి ఇస్తుంది, కొన్నిటికి ఇవ్వదు, ఒక్కో టెర్మినల్‌ది ఒక్కో లెక్క. తెర మీద బొమ్మ మూడక్షరాల వెడల్పు. మూడు లెక్కలు మూడు దారులు పట్టాక వరస ఎక్కడ కుదురుతుంది? ఫాంట్లు నలభై మార్చినా ఇంతే.

కాబట్టి టెర్మినల్లో తెలుగు పట్టీ అచ్చేయడం మీద ఇంకో రోజు కూడా పెట్టకండి. లెక్కను సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టీగా) రాయించండి. ఎక్సెల్‌లో తెరిచేటట్టయితే ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8' అని కాకుండా 'యూటీఎఫ్-8 హైఫన్ సిగ్' అని రాయండి. ఫైలు మొదట్లో ఒక చిన్న గుర్తు చేరుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ ఇది యూనికోడ్ అని తెలుసుకుంటుంది. లేకపోతే గుంటల పేర్లన్నీ పిచ్చి గీతలుగా కనిపించి మీ బాబాయి ప్రోగ్రామ్‌ని తిడతాడు. లిబ్రాఫీస్ అయితే తెరిచేటప్పుడే అడుగుతుంది. టెర్మినల్లో మీ పరీక్ష కోసం గుంటలకు నంబర్లు వేసుకోండి, జి1, జి2 అని.

రాసేచోట మాత్రం తెలుగు మానక్కర్లేదు. వీఎస్ కోడ్, కేట్, జీనీ లాంటి కిటికీ ఉన్న ఎడిటర్లలో వత్తులు సరిగ్గా పడతాయి, ఎందుకంటే అవి గళ్లకు కట్టుబడి ఉండవు. ఫాంటుకి విండోస్‌లో నిర్మల, లినక్స్‌లో నోటో శాన్స్ తెలుగు. పైథాన్ 3లో వేరియబుల్ పేరు కూడా తెలుగులో పెట్టొచ్చు, 'మేత' అని రాస్తే ఒప్పుకుంటుంది. నాకు సరదాగానే ఉంటుంది గానీ కీబోర్డు అటూ ఇటూ మార్చుకోలేక వేళ్లు అలిసిపోతాయి. పేర్లు, సందేశాలు తెలుగులో, కోడ్ ఇంగ్లిష్‌లో ఉంచుకోండి.

ప్రశ్న: ఒంగోలులో ఎంసీఏ చదువుతున్నాను. ఇంట్లో విండోస్‌లో షెల్ స్క్రిప్టు రాసి ల్యాబ్‌లో లినక్స్ మీద నడిపితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటోంది. పక్కన టోపీ గుర్తు, ఎమ్ అక్షరం. స్క్రిప్టులో నేనెక్కడా ఎమ్ రాయలేదు మేడం!

జవాబు: ఆ ఎమ్‌తో నాకు పాత పగ. 1997లో మద్రాసులో ఒక కంపెనీలో చేసేదాన్ని. జీతాల లెక్క రాత్రికి రాత్రి నడవాలి. సాయంత్రం విండోస్‌లో నోట్‌ప్యాడ్‌లో స్క్రిప్టు రాసి యూనిక్స్ మిషన్‌కి పంపాను. నడిపితే 'నాట్ ఫౌండ్' అంది. ఫైలు కళ్ల ముందే ఉంది, ఎల్ఎస్ కొడితే కనపడుతోంది, నడపమంటే లేదంటోంది. తెల్లవారుజామున నాలుగింటికి విసుగొచ్చి మొత్తం వీఐలో మళ్లీ చేత్తో కొట్టాను, నడిచింది. ఎందుకు నడిచిందో నాకు మూడు నెలల తర్వాత తెలిసింది.

టైపు మిషన్ చూశావో లేదో. లైను అయిపోగానే ఎడమవైపు ఉండే మీటను తోస్తాం. రెండు పనులు జరుగుతాయి. రోలరు ఒక లైను తిరుగుతుంది, క్యారేజ్ మొత్తం జరిగి లైను మొదటికి వస్తుంది. టెలిప్రింటర్లలో ఈ రెంటికీ వేర్వేరు సంకేతాలు. క్యారేజ్ రిటర్న్ 13, లైన్ ఫీడ్ 10. డాస్, దాని వెనక వచ్చిన విండోస్ లైను చివర రెండూ పెడతాయి. యూనిక్స్, లినక్స్ 10 ఒక్కటే. కాబట్టి నీ స్క్రిప్టులో మొదటి లైను చివర లినక్స్‌కి ఒక అక్షరం అదనంగా కనిపించింది, అది కూడా ప్రోగ్రామ్ పేరులో భాగమనుకుని ఆ పేరు గల షెల్ (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్) కోసం వెతికింది. ఇంగ్లిష్ అక్షరమాలలో పదమూడోది ఎమ్. అందుకే ఆ గుర్తు.

'ఫైల్' కమాండు ఇచ్చి పక్కన స్క్రిప్టు పేరు కొట్టు, సీఆర్ఎల్ఎఫ్ (క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ) అని బయటపెడుతుంది. 'డాస్2యూనిక్స్' ఉంటే ఒక్క దెబ్బతో పోతుంది. వీఎస్ కోడ్‌లో కింద కుడిమూల సీఆర్ఎల్ఎఫ్ అని రాసి ఉంటుంది, దాన్ని నొక్కి ఎల్ఎఫ్ చేసి సేవ్ చెయ్. స్క్రిప్టుల వరకూ మొదట్నుంచీ ఎల్ఎఫ్‌లోనే రాయడం అలవాటు చేసుకో. నేను చేసినట్టు రాత్రంతా కూర్చోకు.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి ఇంట్లో కూర్చుని పని చేస్తున్నాను. ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (ఇక్కడి టెర్మినల్ నుంచే అక్కడ పని చేయించే దారి) వెళ్లి రెండు మూడు గంటలు పట్టే పని మొదలుపెడతాను. కరెంటు పోతుంది, రౌటర్ ఆగుతుంది, అక్కడ నడుస్తున్న పని కూడా చచ్చిపోతుంది. గాలివాన వస్తే ఇక చెప్పక్కర్లేదు. సర్వర్‌కి కరెంటు ఉంది కదా, అదెందుకు ఆగాలి?

జవాబు: మంచి ప్రశ్న. పాతరోజుల్లో టెర్మినల్‌ని ఫోను లైను మీద మోడెమ్‌తో కలిపేవాళ్లు. అవతల మనిషి ఫోను పెట్టేస్తే, ఇక ఇక్కడ ఎవరూ లేరని యంత్రం ఆ మనిషి నడుపుతున్న ప్రోగ్రాములకు 'హ్యాంగప్' అనే సంకేతం పంపేది. అది అందగానే అవి ఆగిపోయేవి. ఫోను పోయింది, సంకేతం ఉండిపోయింది. మీ లింకు తెగిందని సర్వర్ గ్రహించగానే అదే పంపుతోంది.

దీనికి టీమక్స్ ఉంది, 2007 నుంచీ. అంతకుముందు 1987 నుంచీ స్క్రీన్ ఉంది, పాత సర్వర్లలో అదే దొరకొచ్చు. సర్వర్‌లోకి వెళ్లగానే ముందు 'టీమక్స్ న్యూ హైఫన్ ఎస్ పని' అని కొట్టండి, 'పని' అన్నచోట ఇంగ్లిష్‌లో మీకు నచ్చిన పేరు. ఇప్పుడు మీ ప్రోగ్రామ్‌కి టెర్మినల్ మీ ల్యాప్‌టాప్ కాదు, సర్వర్‌లోనే ఉన్న టీమక్స్. మీ లింకు తెగినా దానికి తెలీదు. మీకై మీరు బయటికి రావాలంటే కంట్రోల్ బి నొక్కి వదిలి, డి. టీమక్స్‌ని ల్యాప్‌టాప్‌లో కాకుండా సర్వర్‌లో నడపాలి సుమా, చాలామంది ఇక్కడే పొరబడతారు. సర్వరే రీస్టార్ట్ అయితే మాత్రం టీమక్స్ కూడా పోతుంది.

రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి, మీ ల్యాప్‌టాప్‌కి ఎటూ బ్యాటరీ ఉంటుంది. కరెంటు వచ్చాక మళ్లీ సర్వర్‌లోకి వెళ్లి 'టీమక్స్ అటాచ్' అనండి. మీరు వదిలిన చోటే, ఈలోపల నడిచినదంతా కలిపి, తెర మీద ఉంటుంది.